తలనొప్పి ఏ రకందో పోల్చుకోవడం ఎలా? ఎప్పుడు పరిగెత్తాలి?

తలనొప్పి అని డాక్టర్ ముందు కూర్చోగానే మనం మొదట చేసే పని వేలు పెట్టి చూపించడం. ‘ఇదిగో, ఇక్కడ’ అని కణతనో కనుబొమ్మనో నొక్కి చూపిస్తాం. ఆయన ఆ వేలి వంక ఓసారి చూసి, ‘ఎప్పుడు మొదలైంది? ఎంతసేపట్లో ఎక్కువైంది? ఎన్ని గంటలుంటుంది?’ అని అడుగుతారు. మన దగ్గర సమాధానం ఉండదు. ‘ఏమోనండీ, అలా ఉంటుంది’ అంటాం.

నేను ఏడేళ్ళు ఆ ‘ఏమో’తోనే తిరిగాను. కనుబొమ్మల మధ్య బరువు, బుగ్గ ఎముకల దగ్గర నొప్పి, ముక్కు దిబ్బడ. చూసినవాళ్ళంతా సైనస్ అన్నారు, నేనూ అదే అనుకున్నాను. ఆవిరి పట్టాను, యాంటీబయాటిక్ కోర్సులు మింగాను. చివరికి ఒక న్యూరాలజిస్టు నా ముక్కు జోలికే పోకుండా మూడు ప్రశ్నలు అడిగారు. నొప్పి వచ్చినప్పుడు వెలుతురు ఇబ్బంది పెడుతుందా? వికారం ఉంటుందా? ఆ రోజు పనులు ఆగిపోతాయా? మూడింటికీ అవుననే చెప్పాను. ‘ఇది మైగ్రేన్’ అన్నారు. ఆ మూడింటిలో రెండింటికి అవును అంటే మైగ్రేన్ అయ్యే అవకాశం బాగా ఎక్కువని తరవాత తెలిసింది. ఒక్కటి కూడా ‘నొప్పి ఎక్కడ?’ అనే ప్రశ్న కాదు.

చోటు మనల్ని ఎందుకు మోసం చేస్తుందంటే, మెదడుకి తనంతట తనకి నొప్పి తెలియదు. నొప్పి తెలిసేది దాన్ని చుట్టుకుని ఉండే పొరలకి, రక్తనాళాలకి, తల మీది కండరాలకి, నరాలకి. నుదురు, కన్ను, బుగ్గ, పళ్ళ నుంచి వార్తలు మోసేది ట్రైజెమినల్ నరం. మెడ పైభాగం నుంచి వచ్చే నరాలు కూడా దాదాపు అదే కూడలిలో కలుస్తాయి. అందుకే మెడలో పుట్టిన నొప్పి కంటి వెనక తెలుస్తుంది, మైగ్రేన్ బుగ్గలో సైనస్ వేషం వేస్తుంది. కాబట్టి చోటును కాసేపు పక్కన పెట్టి గడియారం చూద్దాం.

మొదటి మెట్టు: ముందు ప్రమాదాన్ని తోసిపుచ్చండి

రకాల గురించి తరవాత. ముందు అడగాల్సింది ఒకటే: ఈ నొప్పి సున్నా నుంచి పతాక స్థాయికి ఎంతసేపట్లో వెళ్ళింది?

మామూలు తలనొప్పి, ఎంత ఘోరమైనదైనా సరే, మెల్లగా రాజుకుంటుంది. ఒక నిమిషం లోపే భరించలేని స్థాయికి చేరితే మాత్రం అది వేరే జాతి. పిడుగు పడ్డట్టు వచ్చే ఈ నొప్పి గురించి చెప్పేవాళ్ళు టైముతో సహా చెబుతారు: ‘గ్లాసు పట్టుకుని లేచాను, వెనక నుంచి ఎవరో రోకలితో కొట్టారేమో అనిపించింది, తిరిగి చూశాను.’ మెదడు పొరల కింద రక్తనాళం చిట్లినప్పుడు నొప్పి ఇలాగే వస్తుంది. పిడుగులాంటి ప్రతి నొప్పీ రక్తస్రావం కాకపోవచ్చు. అయితే అది ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదు. రెండు గంటల తరవాత తగ్గిపోయినా వెళ్ళాల్సిందే, ఎందుకంటే పెద్ద రక్తస్రావానికి ముందు చిన్న లీకు ఒకటి కావడం కొందరిలో జరుగుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. నొప్పి మొదలైన 6 గంటల లోపు తీసిన సీటీ స్కాన్‌లో ఈ రక్తం దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. గంటలు గడిచే కొద్దీ స్కాన్‌కి దొరకడం తగ్గుతుంది, అప్పుడు నడుము దగ్గర వెన్నులోంచి నీరు తీసి చూడాల్సి రావచ్చు. ‘రేపు పొద్దున్న చూద్దాం’ అనుకుంటే ఆ సులువైన సమయం చేజారుతుంది.

నొప్పితో పాటు మూతి వంకర పోవడం, ఒక చెయ్యో కాలో బలహీనపడటం, మాట ముద్దగా రావడం, మనిషి అయోమయంగా ఉండటం, మూర్ఛ రావడం, ఒకటి రెండుగా కనిపించడం వంటివి ఉంటే వెంటనే అంబులెన్స్ పిలవండి. మనిషిని చివరిసారి మామూలుగా చూసింది ఎన్ని గంటలకో గుర్తు పెట్టుకోండి. రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతమైతే దాన్ని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా మొదటి నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, డాక్టర్లు లెక్క మొదలుపెట్టేది ఆ టైము నుంచే.

జ్వరంతో తలనొప్పి రావడం వింతేమీ కాదు, ఏ వైరల్ జ్వరానికైనా వస్తుంది. అయితే గడ్డం ఛాతీకి ఆనించమని అడిగి చూడండి. మెడ కర్రలా బిగుసుకుని వంగకపోయినా, మనిషి మగతగా ఉన్నా, ఒంటి మీద గాజుగ్లాసుతో అదిమినా మాయమవ్వని మచ్చలు కనిపించినా అది మెదడు పొరల వాపు కావచ్చు. ఈ మూడూ కలిసి వచ్చేదాకా ఆగకండి, మచ్చలు అసలు రాకపోవచ్చు కూడా.

ఇప్పుడు జనం తేలిగ్గా తీసుకునే రెండు సందర్భాలు. వీటి మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఒకటి, 50 దాటిన వాళ్ళకి కొత్తగా మొదలయ్యే తలనొప్పి. ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకొచ్చింది అన్నదే ఇక్కడ ప్రశ్న. కణత దగ్గరి రక్తనాళాలు వాచే జబ్బు ఒకటుంది, అది దాదాపుగా ఈ వయసు దాటినవాళ్ళకే వస్తుంది. గుర్తులు విచిత్రంగా ఉంటాయి. తల దువ్వుకుంటే దువ్వెన తగిలిన చోటల్లా నొప్పి, దిండు మీద తల ఆనించలేకపోవడం, నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ పట్టేసి ఆపితే తగ్గడం. దవడ నొప్పి కదా అని పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళతారు. ఈలోగా ఒక కంటికి తెర కమ్మినట్టయి చూపు పోవచ్చు, అలా పోయిన చూపు తిరిగి రావడం అరుదు. అందుకే అనుమానం బలంగా ఉంటే ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ పరీక్షలకి రక్తం తీసుకుని, బయాప్సీ (ఆ రక్తనాళం ముక్క తీసి చేసే పరీక్ష) ఫలితం కోసం ఆగకుండానే స్టెరాయిడ్ మొదలుపెడతారు.

రెండు, గర్భిణులూ బాలింతలూ. 20 వారాలు దాటాక తలనొప్పి వదలకుండా ఉన్నా, కళ్ళ ముందు మిణుగురులు మెరిసినా, డొక్క పైభాగంలో నొప్పి ఉన్నా వెంటనే బీపీ చూపించుకోవాలి. 140/90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే అది మామూలు తలనొప్పి కింద లెక్క కాదు, ఫిట్స్ దాకా వెళ్ళే జబ్బుకి మొదలు కావచ్చు. కాన్పుతో ఇది ముగిసిపోదు, ఆ తరవాత ఆరు వారాల దాకా రావచ్చు. మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం కూడా ఈ వారాల్లోనే ఎక్కువ. కొత్త తల్లి తలనొప్పి అనగానే ఇంట్లో అందరూ ‘నిద్ర లేదుగా, అందుకే’ అంటారు. నిజమే కావచ్చు, అయినా ఒకసారి బీపీ చూడటానికి రెండు నిమిషాలే పడుతుంది. కాన్పుకి వెన్నులో మత్తు ఇచ్చి ఉంటే ఇంకో గమ్మత్తైన నొప్పి వస్తుంది. పడుకుంటే హాయిగా ఉంటుంది, లేచి కూర్చోగానే తల పట్టేస్తుంది. సూది గుచ్చిన చోట వెన్ను ద్రవం కారడం వల్ల వచ్చేది ఇది. తగ్గకపోతే ఆ మనిషి రక్తాన్నే కొంచెం తీసి వెన్ను దగ్గర ఎక్కించి ఆ కంతను మూసేస్తారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. తలకి దెబ్బ తగిలాక నొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా వెంటనే వెళ్ళండి. రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్ళలో చిన్న దెబ్బకి కూడా లోపల నెమ్మదిగా రక్తం చేరి, కొన్ని వారాల తరవాత బయటపడుతుంది. కన్ను ఎర్రబడి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తూ వాంతులవుతుంటే అది కంటి లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరగడం కావచ్చు, ఆ రోజే కంటి డాక్టర్ చూడాలి. దగ్గినా, వంగినా, పడుకున్నా ఎక్కువయ్యే నొప్పి, వారం వారం పెరుగుతూ పోయే నొప్పి, క్యాన్సర్ గానీ రోగనిరోధక శక్తి తగ్గించే జబ్బు గానీ ఉన్నవాళ్ళకి కొత్తగా వచ్చే నొప్పి, ఇవన్నీ త్వరగా చూపించుకోవాల్సినవే. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికెళ్తే తగ్గుతోందా? అయితే జబ్బు మనుషులది కాకపోవచ్చు. సరిగా మండని పొయ్యో హీటరో వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అందరినీ బయటికి తెచ్చి సహాయం పిలవండి.

రెండో మెట్టు: గడియారం చూడండి

పైవేవీ లేవు, ఇలాంటి నొప్పి మీకు ముందూ వచ్చింది. ఇప్పుడు ఒక్కో విడత ఎంతసేపుంటుందో చూడండి, మందు వేసుకోనప్పటి లెక్కలో.

కొన్ని సెకన్లే అయితే అది నరం పని కావచ్చు. ముఖం మీద గాలి తగిలినా, పళ్ళు తోముకున్నా కరెంటు షాకులా చెంపలోకి కొడితే ట్రైజెమినల్ నరం నొప్పి. ఉన్నట్టుండి సూదితో పొడిచినట్టు ఒక్క పోటు వచ్చి పోయేది ఇంకోటి ఉంది, అది భయపెడుతుంది గానీ ఎక్కువసార్లు హాని లేనిది.

15 నిమిషాల నుంచి 3 గంటలైతే క్లస్టర్, అంటే ఒక కంటి చుట్టూ విడతలు విడతలుగా వచ్చే తలనొప్పి. 4 గంటల నుంచి 3 రోజులైతే మైగ్రేన్. అరగంట నుంచి వారం దాకా ఎంతైనా ఉంటూ, అంతగా బాధపెట్టకుండా నసపెట్టేది టెన్షన్ తలనొప్పి. ఈ హద్దులు నేను వేసినవి కావు, అంతర్జాతీయ తలనొప్పి సంఘం వర్గీకరణలో ఉన్నవే. పిల్లల్లో మైగ్రేన్ 2 గంటలకే తగ్గిపోవచ్చు, తలకి ఒకవైపు కాకుండా రెండువైపులా రావచ్చు. వాంతి చేసుకుని, ఓ కునుకు తీసి లేచి ఆడుకునే పిల్లవాణ్ణి చూసి నాటకమాడాడని తిట్టకండి.

మూడో మెట్టు: నొప్పి వచ్చినప్పుడు మనిషి ఏం చేస్తున్నాడు?

నా లెక్కలో అన్నిటికన్నా పదునైన పరీక్ష ఇదే. దీన్ని రోగి కన్నా ఇంట్లోవాళ్ళు బాగా చెప్పగలరు.

టెన్షన్ తలనొప్పి వచ్చినవాళ్ళు నుదురు రుద్దుకుంటూనే పని చేసుకుపోతారు. తల చుట్టూ గట్టిగా గుడ్డ కట్టి బిగించినట్టు రెండువైపులా ఉంటుంది. మెడ, భుజాలు పట్టేసి ఉంటాయి. వాంతి రాదు.

మైగ్రేన్ వచ్చినవాళ్ళు లైటు ఆపేసి, తలుపేసుకుని, కదలకుండా పడుకుంటారు. వంటింట్లో గిన్నె కిందపడ్డా తలలో మోగుతుంది. మెట్లెక్కితే ఒక్కో మెట్టుకీ ఒక్కో పోటు. మనవాళ్ళు దీన్ని పార్శ్వపు నొప్పి అంటారు. పేరు బాగుంది గానీ తప్పుదోవ పట్టిస్తుంది, తలంతా వచ్చే మైగ్రేన్లు బోలెడు. ఆడవాళ్ళలో మగవాళ్ళ కన్నా రెండు మూడింతలు ఎక్కువ, నెలసరి ముందు రోజుల్లో పలకరించడం మామూలే. నొప్పికి కొన్ని గంటల ముందే ఊరికే ఆవులింతలు, మెడ పట్టు, చిరాకు మొదలవుతాయి. మెడ పట్టేసింది కాబట్టి తలనొప్పి వచ్చిందనుకుంటాం. చాలాసార్లు ఆ పట్టు మైగ్రేన్‌కి మొదటి అంకమే.

క్లస్టర్ వచ్చిన మనిషి పడుకోలేడు. గదిలో అటూ ఇటూ తిరుగుతాడు, కణత పట్టుకుని ఊగుతాడు, గోడకి తల కొట్టుకునేవాళ్ళూ ఉన్నారు. ఎప్పుడూ ఒకవైపు కంటి చుట్టూనే. ఆ కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, ఆవైపు ముక్కు బిగుసుకుంటుంది లేదా కారుతుంది, రెప్ప వాలిపోతుంది. వారాల తరబడి రాత్రి నిద్రపట్టిన గంటా రెండు గంటలకి అలారం పెట్టినట్టు అదే టైముకి లేపి, తరవాత నెలల పాటు మాయమవుతుంది. నోటి మాత్ర పనిచేసేలోపు విడత అయిపోతుంది కాబట్టి దీనికి మందు వేరు. మాస్కు ద్వారా నిమిషానికి 12 లీటర్లో అంతకన్నా ఎక్కువో శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తారు, లేదా సుమట్రిప్టాన్ ఇంజెక్షన్ చేస్తారు. ‘పళ్ళు పీకించుకున్నా తగ్గలేదు’ అని చెప్పే క్లస్టర్ రోగులు ఉంటారు. పాపం, పన్ను తప్పేమీ లేదు.

మైగ్రేన్ ముందు వచ్చే వెలుగుల గురించి

మైగ్రేన్ ఉన్న నలుగురైదుగురిలో ఒకరికి నొప్పికి ముందు ‘ఆరా’ వస్తుంది. నాకు మొదటిసారి వచ్చినప్పుడు కాగితం చదువుతున్నాను. ఒక మాటలో మధ్య అక్షరం కనిపించలేదు. కళ్ళు నులుముకుని చూస్తే ఆ ఖాళీ చోట చిన్న మెరుపు. అయిదు నిమిషాల్లో అది రంపపు పళ్ళలాంటి వంకీల గీతైంది, మిలమిలా వణుకుతూ పెద్దదై, చూపు అంచుకి జరుగుతూ జరుగుతూ ఇరవై నిమిషాలకి జారిపోయింది. కళ్ళు మూసుకున్నా కనిపించింది. ఆ తరవాత నొప్పి.

దీన్ని పక్షవాతం నుంచి వేరు చేసేది కూడా గడియారమే. ఆరా మెల్లగా పాకుతుంది. వేళ్ళలో మొదలైన తిమ్మిరి నిమిషాల మీద మోచేతికి, పెదవికి చేరుతుంది, గంట లోపు పోతుంది. పక్షవాతంలో చెయ్యో మాటో చూపో ఒక్కసారిగా పోతుంది. అలాగని జీవితంలో మొదటిసారి ఇలా జరిగితే ‘ఆరాలే’ అని ఇంట్లో తీర్పు చెప్పుకోకూడదు, ఆసుపత్రికి వెళ్ళాలి. నేను వెళ్ళాను, ఏమీ లేదని పంపించేశారు, సిగ్గేమీ అనిపించలేదు. ఆరాతో మైగ్రేన్ ఉన్న ఆడవాళ్ళు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది, ఆ సంగతి గైనకాలజిస్టుకి తప్పకుండా చెప్పాలి.

నాలుగో మెట్టు: అరువు పేర్లు వదిలించుకోండి

సైనస్ సంగతి చెప్పాను కదా. 2004లో అమెరికాలో, తమది సైనస్ తలనొప్పేనని నమ్మిన దాదాపు 3 వేల మందిని పరీక్షిస్తే 88 శాతం మందికి ఉన్నవి మైగ్రేన్ లక్షణాలని తేలింది. మైగ్రేన్‌లో కూడా ముక్కు బిగుసుకోవడం, కళ్ళు నీరు కారడం ఉంటాయి. నిజంగా సైనస్ ఇన్ఫెక్షన్ అయితే చిక్కటి పసుపుపచ్చ చీమిడి, వాసన తెలియకపోవడం, తరచుగా జ్వరం ఉంటాయి.

‘పైత్యం చేసింది, వాంతి అయితే తగ్గిపోతుంది’ అనేది మరో పేరు. వాంతయ్యాక మైగ్రేన్ తగ్గుముఖం పట్టడం నిజం, అందుకే ఈ పేరు ఇన్ని తరాలు నిలిచింది. కానీ పొట్ట కారణం కాదు, అదీ మైగ్రేన్ బాధితురాలే. ‘బీపీ పెరిగింది’ అన్నదీ అంతే. కాస్త పెరిగిన బీపీ తలనొప్పి తేదు. నొప్పి వల్లే బీపీ పెరగడం ఎక్కువ. 180/120 దాటి, తలనొప్పితో పాటు చూపు మసకబారడం, ఛాతీ నొప్పి, అయోమయం ఉంటే మాత్రం అది అత్యవసరమే. కళ్ళజోడు నంబరు మారితే సాయంత్రానికి నుదురు బరువెక్కుతుంది తప్ప, వాంతులతో మంచం పట్టించేంత నొప్పి రాదు.

అయిదో మెట్టు: మాత్రలు లెక్కపెట్టండి

చాలామంది దగ్గర ఈ మెట్టు దగ్గరే గుట్టు బయటపడుతుంది. నెలలో 15 రోజులు, అంతకుమించి తలనొప్పి ఉంటోందంటే, నెలలో ఎన్ని *రోజులు* మాత్ర వేసుకున్నారో చూడండి, ఎన్ని మాత్రలని కాదు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి 15 రోజులు, మైగ్రేన్‌కి వాడే ట్రిప్టాన్లు గానీ కెఫీన్ కలిపిన మిశ్రమ మాత్రలు గానీ 10 రోజులు చొప్పున మూడు నెలలకి మించి వాడుతుంటే, ఇప్పుడు నొప్పి తెస్తున్నది ఆ మాత్రే కావచ్చు. తెల్లారగానే నొప్పి, మాత్ర, కాస్త ఊరట, మళ్ళీ నొప్పి. ఆపిన మొదటి వారం పది రోజులు నరకంలా ఉంటుంది, ఆ తరవాత తేరుకుంటారు. ఓపియాయిడ్లు (నల్లమందు జాతి నొప్పి మందులు) గానీ నిద్రమాత్రలు గానీ వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపకండి, డాక్టర్ చూస్తుండగా తగ్గించాలి. రోజూ తాగే కాఫీ ఒక్కపూట మానేసినా కొందరికి తలనొప్పి వస్తుంది, సెలవు రోజు ఆలస్యంగా లేచినప్పుడు వచ్చే నొప్పికి ఇదొక కారణం.

పెద్దవాళ్ళకి పారాసెటమాల్ 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. జలుబు మాత్రల్లోనూ అది ఉంటుందని మర్చిపోవద్దు. 16 ఏళ్ళ లోపు పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వకండి.

ఆరో మెట్టు: రెండు నెలలు రాసి చూడండి

యాప్ అక్కర్లేదు, గోడ క్యాలెండర్ చాలు. నా దాంట్లో ఒక రోజు ఇలా ఉంది: ‘మధ్యాహ్నం 2 నుంచి ఆవులింతలు. 4:30కి ఎడమ కన్ను వెనక మొదలు. 6కి పదికి ఎనిమిది. లైటు ఆపేశాను. 6:10కి మాత్ర. 9కి తగ్గింది. రాత్రి నిద్ర నాలుగు గంటలే. నెలసరి ఇంకో రెండు రోజుల్లో.’ అంతే. ఆ ఒక్క రోజు చూసి నేను గంటా నలభై నిమిషాలు ఆలస్యంగా మాత్ర వేసుకున్నానని డాక్టర్ పట్టుకున్నారు. మైగ్రేన్ మాత్ర నొప్పి మొదట్లోనే బాగా పనిచేస్తుంది. మూడు నాలుగు నెలసరులు రాశాక తేదీలు వాటంతట అవే కలిసొచ్చాయి.

ఏడో మెట్టు: డాక్టర్ దగ్గర

క్యాలెండర్ ముందు పెట్టి, మొదలైన తీరు, ఉండే గంటలు, ఆ టైములో మీరు చేసే పని, నెలకి మాత్ర వేసుకున్న రోజులు చెప్పండి. వేలు పెట్టి చూపించడం చివర్లో. పాత నొప్పి తీరు మారితే ఆ మార్పును ప్రత్యేకంగా చెప్పండి. ఏళ్ళ తరబడి ఒకేలా వచ్చే మైగ్రేన్‌కి స్కాన్ అవసరం పడదు, ‘ఎందుకైనా మంచిది’ అని తీయించుకుంటే సంబంధం లేనిదేదో కనిపించి కొత్త దిగులు పట్టుకుంటుంది. తలనొప్పి అనగానే మెదడులో గడ్డేమో అని అందరికీ గుబులే. వేరే ఏ లక్షణమూ లేకుండా తలనొప్పి ఒక్కటే ఏళ్ళ తరబడి ఉంటే గడ్డ బయటపడటం చాలా అరుదు.

స్కాన్ కన్నా ముందు అడగాల్సింది ఒకటుంది. డాక్టర్ గది చీకటి చేసి, చిన్న లైటున్న పరికరంతో కంటి లోపల చూస్తారు. తలలో ఒత్తిడి పెరిగితే కంటి నరం మొదలు ఉబ్బి అక్కడ కనిపిస్తుంది. బరువెక్కిన యువతుల్లో, వంగి లేచినప్పుడు చూపు కొన్ని సెకన్లు నల్లబడటం, చెవిలో గుండె చప్పుడులా హోరు వినిపించడం ఉంటే ఈ పరీక్ష మరీ ముఖ్యం. ఆలస్యమైతే పోయేది చూపు. నిమిషం పట్టే పని, మీ డాక్టర్ చేయకపోతే మీరే అడగండి: ‘నా కంటి నరం ఒకసారి చూస్తారా?’